పిల్లి లేకుంటే ఎలుక బాధ.. ఉంటే పడుగు బాధ

ఎమ్మిగనూరు నేత ఇళ్లలో, ఆదోని పల్లెల్లో ఇంటి సామాన్లకు పెంపుడు జీవాల బెడద

ఎమ్మిగనూరు: మగ్గం గుంతలోకి దిగీ దిగకముందే నేతగాడి కన్ను పడుగు మీదికి పోతుంది. రాత్రి ఎలుక కొరికిందా, పిల్లి దూకిందా అని అచ్చు నుంచి చివరిదాకా ఒకసారి చేత్తో తడిమి చూసుకున్న తర్వాతనే నాడె ఆడుతుంది. నాలుగు పోగులు తెగితే ముడివేసుకుని పని సాగించవచ్చు. పిల్లి గోళ్లు దిగి జానెడు మేర పోగులు చిక్కుపడితే మాత్రం ఆ పూట నేత సాగదు. ఇంటి ఆడవారు పొయ్యి మీది పని వదిలి వచ్చి, ఇద్దరూ కూర్చుని పోగు పోగు వెతికి అతకవలసి వస్తుంది. అతికినచోట గుడ్డలో లోపం తేలితే మజూరిలో కోత పడుతుంది.

ఎమ్మిగనూరు చేనేతకు పాత పేరున్న ఊరు. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఇక్కడ చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఇన్నేళ్లలో మగ్గాలు తగ్గిపోయాయి గానీ, మిగిలిన చాలా ఇళ్లలో ఇల్లు వేరు, కార్ఖానా వేరు కాదు. మగ్గం ఉన్న గదిలోనే మంచం, బీరువా, పిల్లల పుస్తకాలు, వాటి మధ్యనే పిల్లి. నేతగాడి ఇంట్లో అన్నిటికంటే విలువైన సామాను ఏదంటే మగ్గమే. పట్నాల్లో సోఫా చిరిగితే కొత్త గుడ్డ వేయించుకుంటారు. ఇక్కడ పడుగు చిరిగితే ఆ వారం బియ్యం, నూనె లెక్క మారిపోతుంది.

ఈ గొడవ ఒక్క ఇంటితో ఆగదు. పిల్లికి గోడలు అడ్డం కావు. "ఏమక్కా, మీ పిల్లి మా పడుగు మీద పండుకునింది, వచ్చి చూడు" అని ఒకామె అంటే, "మీ ఇంట్లో ఎలకలుంటే కదమ్మా అది వచ్చేది" అని అవతలామె అనడం నేత వీధుల్లో మామూలే. ఇద్దరి మాటా నిజమే కావడం ఇందులోని చిక్కు.

గంజి వాసనకు ఎలుకలు

పడుగుకు బలం రావడానికి గంజి పట్టిస్తారు. వీధిలో పడుగు చాచి, కుంచెతో గంజి దువ్వి ఆరబెట్టే పని పాతకాలం నుంచి ఉన్నదే. ఆ గంజి తిండి పదార్థమే కనుక ఎలుకకు, బొద్దింకకు అది విందు. ఎలుకకు ఆకలి లేకపోయినా కొరుకుతుంది. దాని ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అరగదీయకపోతే నోరు మూతపడదు. అందుకే అది గింజ దొరికినా దొరకకపోయినా దూలాన్ని, తలుపును, పన్నెను, కండెల పెట్టెను కొరుకుతూ ఉంటుంది.

ఇంట్లో బుడ్డల మూటలు, జొన్నల గోతాలు కూడా ఉంటే ఇక చెప్పనక్కర లేదు. ఈ లెక్కన నేత ఇంట్లో పిల్లి ముద్దుకు పెంచే జీవం కాదు. జీతం లేని కావలిదారు. పిల్లిని ఆకలితో మాడిస్తే ఎక్కువ ఎలుకలు పడుతుందని కొందరు పెద్దలు అంటుంటారు. అది సరికాదు. కడుపునిండా తిన్న పిల్లి కూడా వేటాడుతుంది. పైగా తిండి దొరికే ఇంటినే అది కాచుకుని ఉంటుంది. తిండి లేని పిల్లి ఊరంతా తిరుగుతుంది.

ఎలుకల కోసం పిల్లి కావాలి. పిల్లి గోరు మాత్రం పడుగుకు, మంచానికి తగలరాదు. ఈ రెంటి నడుమ దారి ఏమిటన్నదే ప్రశ్న.

గోరు ఎందుకు గీరుతుంది

పిల్లి కసితో గీరుతుందని చాలామంది నమ్మకం. కొట్టిన మరునాడే మళ్లీ అదే మంచం కోడును గీరితే ఆ నమ్మకం గట్టిపడుతుంది. నిజానికి పిల్లి గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. పైపొర పాతబడినప్పుడు గరుకైన దేనికైనా లాగి దాన్ని రాల్చుకుంటుంది. మంచం కింద ఊడ్చేటప్పుడు గోరు డొప్పలు దొరకడం చూసినవారు ఉంటారు. నిద్రలేచాక ఒళ్లు సాగదీసుకోవడానికి కూడా అది గీరుతుంది. ఇంకొక కారణం ఉంది. పిల్లి పాదాల్లో వాసన గ్రంథులు ఉంటాయి. గీరినచోట ఆ వాసన అంటుకుని "ఇది నా తావు" అన్న గుర్తుగా నిలుస్తుంది. కనుకనే ఒకసారి గీరినచోటికే మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇంత అవసరం ఉన్న పనిని దెబ్బలతో మాన్పించడం సాధ్యం కాదు. కొట్టితే పిల్లి నేర్చుకునేది ఒక్కటే, మనిషి లేనప్పుడు గీరడం. మగ్గం వద్ద మనిషి లేని వేళ అంటే రాత్రే కదా.

దీనికి పెద్ద ఖర్చు లేని ఉపాయం ఉంది. తుమ్మదో వేపదో ఒక మొద్దు తీసుకుని దానికి గోగునార తాడో, కొబ్బరి తాడో సందు లేకుండా గట్టిగా చుట్టాలి. తాడు లేకుంటే పాత గోనెసంచి చుట్టి కట్టినా సరిపోతుంది. మొద్దు ఎత్తు విషయంలోనే చాలామంది పొరపాటు పడతారు. పిల్లి వెనుక కాళ్ల మీద లేచి ఒళ్లంతా చాచినా అందేంత ఎత్తు, అంటే రెండున్నర, మూడడుగులు ఉండాలి. రెండవది, అది కదలరాదు. ఒక్కసారి ఊగినా, మీద పడినా పిల్లి మళ్లీ దాని జోలికి రాదు. నేలలో పాతడమో, గోడకు మేకులతో బిగించడమో చేయాలి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. మూలన పడేస్తే ఉపయోగం లేదు. పిల్లి పడుకునే చోటికి దగ్గరగా, అది ఇప్పటికే గీరుతున్న మంచం కోడు పక్కనే నిలపాలి. అలవాటు పడిన తర్వాత రోజుకు కొంచెం చొప్పున జరుపుకోవచ్చు. నులక మంచం, నవారు మంచం ఉన్న ఇళ్లలో పిల్లి మంచాన్నే ఎందుకు ఎంచుకుంటుందో ఇప్పుడు తెలిసే ఉంటుంది. కదలని చెక్క, దానికి చుట్టిన నార, రెండూ అక్కడే ఉన్నాయి మరి.

గీరిన కోడును సబ్బునీళ్లతో కడిగి ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేస్తే పాత వాసన తగ్గుతుంది. కొన్నాళ్లు దానికి మందపాటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంచితే గోరు జారిపోతుంది. నిమ్మ, బత్తాయి తొక్కల వాసన చాలా పిల్లులకు గిట్టదు కనుక ఆ పక్కన వేసి చూడవచ్చు గానీ, తొక్క ఎండితే ఆ గుణం పోతుంది. కారం చల్లడం మాత్రం తగదు. పిల్లి కాలికి అంటిన కారం దాని కంట్లోకే కాక, అదే మంచం మీద పడుకునే పసిపిల్లల కంట్లోకీ పోతుంది.

గోళ్లు కత్తిరించవచ్చునా అంటే, కొసన ఉన్న తెల్లటి మొన మాత్రమే తీయవచ్చు. లోపల గులాబీ రంగున కనిపించేది నెత్తురు నరం. గోళ్లు మొత్తానికే తీయించడం కొన్ని విదేశాల్లో ఉండేది. అది గోరు తీయడం కాదు, వేలి చివరి ఎముకను కోయడం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది. గోరు లేని పిల్లి ఎలుకను ఏం పట్టగలదు?

గుంతలోని మట్టి

నేత ఇళ్లలో వినిపించే మరో ఫిర్యాదు మగ్గం గుంతలో పిల్లి మలమూత్రాలు చేయడం. దీనికి తప్పు పిల్లిది మాత్రమే కాదు. పిల్లి గుల్ల మట్టిని తవ్వి, పని ముగించి, కప్పిపెట్టే జీవం. మునుపు వాకిట్లో మట్టి ఉండేది, పెరట్లో దిబ్బ ఉండేది. ఇప్పుడు వీధికి సిమెంటు రోడ్డు, ఇంట్లో బండలు, వాకిట్లో కాంక్రీటు వచ్చాయి. తవ్వడానికి వీలైన మట్టి ఇంటి మొత్తంలో మగ్గం గుంతలోనే మిగిలితే పిల్లి అక్కడికే పోతుంది.

పగిలిన పళ్లెమో, తక్కువ లోతున్న ప్లాస్టిక్ తొట్టో తీసుకుని నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి ఒక మరుగు మూలన పెడితే చాలావరకు ఈ బాధ తీరుతుంది. రోజూ శుభ్రం చేయాలి. మురికిగా ఉన్న తొట్టిని పిల్లి ముట్టదు. గర్భిణులు ఈ పని చేయకుండా ఉండడం మంచిది. పిల్లి మలం ద్వారా సోకే ఒక జబ్బు కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. గుంతకు రాత్రిపూట ఒక చెక్క మూత వేయడం మరచిపోరాదు.

పడుగు రక్షణకు వెదురు తడక ఉపయోగపడుతుంది. పోగులకు తగలకుండా ఇరువైపులా కర్రల మీద ఆనించి పైన పరచాలి. ఉత్త దుప్పటి కప్పితే పిల్లికి మెత్తటి పరుపు వేసినట్టే అవుతుంది. కండెల బుట్టకు మూత ఉండాలి. వేలాడే నూలు కొస పిల్లి కూనకు ఆటవస్తువు. ఇక్కడ నష్టం నూలుతో పోదు. దారం మింగిన పిల్లికి పేగులు ముడుచుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. నోటి నుంచి గానీ, వెనుక నుంచి గానీ దారం వేలాడుతుంటే ఎట్టి పరిస్థితిలోనూ లాగరాదు. లాగితే పేగు తెగవచ్చు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

ఆదోని వైపు పరుపుల బాధ

ఎమ్మిగనూరుకు మగ్గం ఎట్లాగో, ఆదోనికి పత్తి అట్లాగ. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు ఉన్న ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో దూది పరుపు, దూది దిండు ఇప్పటికీ ఇష్టపడతారు. పెళ్లికి పుట్టింటివారు పెట్టే సారెలో మంచం, పరుపు, బీరువా తప్పనిసరి. కలిగినవారైతే సోఫా కూడా. ఆ సామాను పాడైతే నష్టం డబ్బుతో పోదు. "మా అమ్మోళ్లు పెట్టింది" అని కోడలు, "చూసుకోవద్దా" అని అత్త, పిల్లి పేరుతో మనుషులు మాటలు పడే ఇళ్లు లేకపోలేదు.

చూలు పిల్లికి చీకటి, మెత్తదనం కావాలి. చుట్టిపెట్టిన దూది పరుపు, తలుపు సరిగా పడని బీరువా దానికి పురిటిగది. పిల్లి చూలు సుమారు రెండు నెలలు. పొట్ట బరువు కనిపించగానే ఒక అట్టపెట్టెలో పాత గోనెగుడ్డ వేసి, మనుషులు ఎక్కువగా తిరగని మూల పెట్టి ఉంచితే పరుపు దక్కుతుంది. ఈనిన తర్వాత కూనలను ఊరికే తీసి చూస్తుంటే తల్లి వాటిని మళ్లీ పరుపులోకే మోసుకుపోతుంది.

దూది పరుపు మీద మూత్రం పడితే ఆలస్యం పనికిరాదు. వెంటనే పొడిగుడ్డతో అద్ది పీల్చి, చల్లటి నీటితో తడిపి మళ్లీ అద్ది, వంటసోడా చల్లి ఎండలో వేయాలి. ఈ ప్రాంతంలో ఎండకు కొదవ లేదు, అది ఒక మేలు. ఫినాయిలు పోయరాదు. అది పిల్లి ఒంటికి విషం. బట్టల్లో వేసే కలరా ఉండలు కూడా పిల్లికి, కుక్కకు ప్రమాదమే. పసిపిల్లలకు కూడా.

మగపిల్లి తలుపులకు, బీరువాకు మూత్రం చిమ్మే అలవాటు శస్త్రచికిత్స చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. అయితే మగపిల్లి మాటిమాటికి ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే అది అలవాటు కాదు, మూత్రం బిగుసుకుపోయినట్టు. ఒక్కరోజు ఆలస్యమైనా బతకకపోవచ్చు.

కుక్కపిల్ల పళ్లు, ఎద్దు నాలుక

కుక్కపిల్లల సంగతి కొంత తేలిక. మూడు, నాలుగు నెలల వయసులో పాలపళ్లు ఊడడం మొదలై, ఆరేడు నెలలకు 42 పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ల దురదకు చెప్పులు, కుర్చీ కాళ్లు, గొంగళి అంచులు నమిలేస్తుంది. పాత గోనెగుడ్డను గట్టి ముడివేసి నీళ్లలో తడిపి ఇస్తే దాన్ని నములుతుంది. పాత చెప్పు ఇవ్వడం తెలివితక్కువ. పాతదేదో కొత్తదేదో దానికి తెలియదు. ఉడికించిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి కనుక అవీ వద్దు.

మేకలు ఆరేసిన చీర కొంగును, గంజి పెట్టిన పంచెను పెదవులతో పట్టి లాగడం అందరూ ఎరిగినదే. దానికి కట్టుకొయ్య, ఎత్తైన దండెం తప్ప వేరే మందు లేదు.

ఎద్దులు, ఆవుల విషయం అట్లా వదిలేయడానికి లేదు. పాత ఇళ్లలో ఎద్దులు కట్టేసే గాటిపాట ఇంట్లోనే ఉంటుంది. పశువు పక్కనున్న మంచం కోడును నాకడం, తలుపు చెక్కను కొరకడం, గుడ్డలు, తోలు, ఎముకలు నమలడం కనిపిస్తే తరిమి ఊరుకోవడం పొరపాటు. ఇది చాలాసార్లు ఒంట్లో భాస్వరం, ఉప్పు వంటి లవణాలు చాలవని చెప్పే గుర్తు. ఎక్కువగా ఎండు చొప్ప మీదనే గడిపే పశువుల్లో ఈ లోపం ఉండడం కద్దు. ఎండు మేతలో భాస్వరం తక్కువ. పెద్ద పశువుకు రోజుకు సుమారు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలిపి పెట్టడం, నట్టల మందు వేయించడం చేస్తే చెక్క కొరకడం చాలావరకు తగ్గుతుంది. తగ్గకుంటే వైద్యునికి చూపించాలి. గుడ్డతో పాటు మేకు, తీగ ముక్క మింగిన పశువులో అది గుండె వరకు గుచ్చుకుపోగలదు. తలుపు చెక్క నష్టం పది రూపాయలైతే ఈ నష్టం ఎంతో రైతుకు చెప్పనక్కర లేదు.

మందు పెడితే ఎవరికి ముప్పు

పిల్లితో విసిగినవారు రెండు పనులు చేయడం చూస్తుంటాం. ఒకటి, గోనెసంచిలో కట్టి తుంగభద్ర దిగువ కాలువ అవతల వదిలి రావడం. అది కొన్నిసార్లు తిరిగి ఇంటికే వస్తుంది. రాకపోతే ఆ ఖాళీలోకి మరో ఊరపిల్లి వస్తుంది, దానికి ఈ ఇంటి మగ్గం, మంచం తేడా అసలే తెలియదు. ఏదీ రాకపోతే ఎలుకలు వస్తాయి. రెండవది, ఎలుకల మందు ఎరగా పెట్టడం. ఎలుకల కోసం పెట్టిన జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ వంటి మందులు తిన్న ఎలుకను పట్టి తింటే పిల్లికీ ముప్పే. అట్లా కావలిదారును పోగొట్టుకున్న ఇంట్లో మిగిలిన ఎలుకలు మరుసటి కారుకు మళ్లీ పెరుగుతాయి. బోను, ఎలుకల కన్నాలకు గాజుపెంకులు కలిపిన సిమెంటు, గింజలకు మూత ఉన్న రేకు డబ్బాలు, వీటితో పాటు పిల్లి ఉంటే మందు అవసరం పెద్దగా రాదు. కావాలని పిల్లికి విషం పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పడుగు మీద పిల్లి కనిపించగానే కేకలు వేసి పైకి ఉరకడం వల్ల ఎక్కువ పోగులు తెగుతాయి. బెదిరిన పిల్లి గోళ్లు చాచి ఒక్కసారిగా దూకుతుంది. చప్పుడు చేయకుండా దగ్గరకు పోయి, కొంచెం దూరాన తిండి గిన్నె తట్టితే దానంతటదే దిగి వస్తుంది. చేత్తో పట్టబోయి గీరుకున్నా, కరిపించుకున్నా చిన్న గాయమని ఊరుకోరాదు. పసుపు, సున్నం, కారం అద్దకుండా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పిచ్చికుక్క జబ్బు పిల్లి ద్వారా కూడా రాగలదు. దానికి టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు. పెంచుకునే కుక్కకు, పిల్లికి మూడు నెలల వయసు నిండాక పశువైద్యశాలలో ఆ టీకా వేయించి, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయిస్తూ ఉండాలి.